సంతకం మాది, రక్తం పిల్లలది

ఒక ఆదివారం మనవరాలిని చూడడానికి గూడెం నుంచి హాస్టల్‌కి వచ్చిన పెద్దాయన, పిల్ల మోచేతి మడత దగ్గర అంటించిన దూదిని చూశాడు. గట్టు వరసన ఆయన మాకు మామ అవుతాడు.

"ఏమైంది అల్లుడా, పిల్లకి జొరమా?"

"జ్వరం కాదు మామా. సికిల్ సెల్ పరీక్షకి వచ్చారు. వేలి నుంచి ఒక చుక్క పరీక్షకి, చేతి నుంచి ఒక గొట్టం పరిశోధనకి తీసుకున్నారు."

"తీసుకొమ్మని ఎవరు చెప్పిన్రు?"

హెడ్మాస్టరు గారు ఆ రోజు లేరు, ఇన్‌చార్జిగా మేమే సంతకం పెట్టామని చెప్పాం. ఆయనకి కోపం రాలేదు. వస్తే మాకు సులువయ్యేది. కాసేపు అలాగే కూర్చుని, "సంతకం నీది, రక్తం పిల్లది. ఇదెట్ల అల్లుడా?" అన్నాడు. లేచి వెళ్లబోతూ ఇంకో మాట అడిగాడు: "ఆ గొట్టం ఇప్పుడు ఏడున్నది?"

రెండు ప్రశ్నల్లో దేనికీ మా దగ్గర జవాబు లేదు. డీఎడ్‌లో పిల్లల మనస్తత్వం మీద ఒక పేపరు రాసి పాసయ్యాం. సైన్సు పాఠంలో రక్త కణాల బొమ్మ బోర్డు మీద వేస్తాం. కానీ ఒక పిల్ల రక్తం మీద మా సంతకానికి హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో మాకు ఎవరూ నేర్పలేదు, మేమూ అడగలేదు. ఈ వ్యాసం ఆ పెద్దాయనకి మేము బాకీ పడిన జవాబు కోసం చేసిన వెతుకులాట.

ముందుగా ఒక మాట. పరిశోధన వద్దు, సూది వద్దు, మమ్మల్ని వదిలేయండి అనడం మా ఉద్దేశం కాదు. అలా అనేవాళ్లు మనలో ఉన్నారు, వాళ్ల భయం మాకు అర్థమవుతుంది కూడా. కానీ సికిల్ సెల్ సంగతే చూడండి. 1910లో అమెరికాలో ఒక వైద్యుడు కొడవలిలా వంగిన ఎర్ర కణాలను మొదటిసారి రాసి పెట్టాడు. 1952లో నీలగిరి కొండల ఆదివాసుల రక్తంలో అదే లక్షణం బయటపడింది. మన దేశంలో ఈ జబ్బు కథ మొదలైందే ఆదివాసుల రక్తంతో. 1954లో ఆలిసన్ అనే శాస్త్రవేత్త తూర్పు ఆఫ్రికాలో చేసిన పని మరో సంగతి చూపించింది. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే ఈ లక్షణం వచ్చినవాళ్లకి ప్రాణాంతక మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. అంటే దోమల అడవుల్లో తరతరాలుగా బతికిన మనుషుల ఒంట్లో అది ఊరికే మిగల్లేదు. తల్లీ తండ్రీ ఇద్దరికీ ఉంటే మాత్రం పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ లెక్క తెలియక, కీళ్ల నొప్పులతో ఏడ్చే పిల్లలకి ఏదో సోకిందని తాయెత్తులు కట్టిన ఇళ్లు మాకు తెలుసు. బడి ఎగ్గొట్టడానికి నాటకాలు ఆడుతున్నారని అలాంటి పిల్లల్ని కొట్టిన టీచర్లూ తెలుసు. ఆ టీచర్లలో మేమూ ఉన్నాం. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ మిషన్, 40 ఏళ్ల లోపు వాళ్లు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని పెట్టుకుంది. చేయనివ్వండి. చేయాలి కూడా.

కానీ మంచి పని అన్నంత మాత్రాన అడగకుండా చేయవచ్చా? మా తడబాటు అక్కడ మొదలైంది.

ఈ ప్రశ్న మన నేలకి కొత్తది కాదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పరిశీలన అది. ఆ పిల్లల్లో చాలామంది మన హాస్టళ్లలో ఉన్నవాళ్లే. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. విచారణ కమిటీ ఆ మరణాలకి టీకా కారణం కాదనే వైపే తేల్చింది. టీకా కూడా పనికిమాలినది కాదు. ఆ క్యాన్సర్‌ను ఆపగలదని ఇవాళ ప్రపంచమంతా ఒప్పుకుంది. మన ఆడపిల్లలకి అది అందాలనే మేమూ కోరుకుంటాం.

అయితే అదే విచారణలో ఇంకో లెక్క బయటికొచ్చింది. చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ 2,763 సంతకాల గురించి చదివినప్పుడు మాకు పై అధికారుల మీదో విదేశీ సంస్థ మీదో కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని కంటే ముందు సిగ్గు వచ్చింది. ఆ కలం పట్టుకున్న చేతులు మనలాంటి వాళ్లవి. బహుశా మనవాళ్లవే. వార్డెన్ చెడ్డవాడై సంతకం పెట్టి ఉండడు. పై నుంచి కాగితం వచ్చింది, సాయంత్రానికి పూర్తి కావాలి, అమ్మానాన్నలు ముప్పై కిలోమీటర్ల అవతల పోడులో ఉన్నారు. మేము పెట్టిందీ ఇలాగే.

ఈ సంతకం వల్ల నష్టం ఏమిటి అని ఒక తోటి ఉపాధ్యాయుడు మమ్మల్ని అడిగాడు. పిల్లకి ఏమీ కాలేదు కదా అన్నాడు. నష్టం శరీరానికే జరగాలా? అమెరికాలో హవసుపాయి అనే ఆదివాసులున్నారు. గ్రాండ్ కేనియన్ అనే మహా లోయ అడుగున ఊరు. మొత్తం జనాభా ఆరేడు వందలు. షుగర్ జబ్బు వాళ్లని తినేస్తుంటే, కారణం కనిపెట్టండని 1990 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లకి రక్తం ఇచ్చారు. 2003లో కార్లెట్టా టిలూసి అనే ఆ తెగ స్త్రీ అదే యూనివర్సిటీలో ఒక పరిశోధక విద్యార్థి ప్రసంగానికి వెళ్లింది. తమ రక్తంతో తాము ఎన్నడూ ఒప్పుకోని పరిశోధన జరుగుతోందని అక్కడ తెలిసింది. మనోవ్యాధి గురించి, రక్తసంబంధుల మధ్య పెళ్లిళ్ల గురించి, వాళ్ల పూర్వీకులు ఆసియా నుంచి వలస వచ్చారన్నదాని గురించి ఆ రక్తాన్ని వాడారు. ఆ లోయలోనే తాము పుట్టామని, దానికి తామే కాపలా అని నమ్మే జనం వాళ్లు. ఒంటికి ఏ గాయమూ కాలేదు. కానీ తమ సొంత రక్తాన్ని తమ పుట్టుక కథ మీదికే సాక్షిగా నిలబెట్టారు, తమని అడగకుండా. కోర్టుకి వెళ్లారు. 2010లో యూనివర్సిటీ 41 మందికి 7 లక్షల డాలర్లు ఇవ్వడానికి, మిగిలిన రక్తం తిరిగి ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ రక్తం కోసం తెగ వాళ్లు స్వయంగా వెళ్లి తెచ్చుకున్నారు.

శాస్త్రం చెప్పిన వలస కథ నిజమే కావచ్చు. సైన్సు చెప్పే మేము దాన్ని కాదనలేం. కానీ నిజం చెప్పే హక్కు ఉన్నంత మాత్రాన, షుగర్ కోసమని తీసుకున్నదాన్ని దేనికైనా వాడే హక్కు వస్తుందా? పొరుగింటాయన విత్తనాలకని వడ్లు అడిగి పట్టుకెళ్లి అమ్ముకుంటే మనం ఏమంటాం? వడ్లకు మంచి ధర వచ్చిందిగా అని ఊరుకుంటామా? "ఆ గొట్టం ఏడున్నది" అన్న మామ ప్రశ్న మాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

సరే, వార్డెన్ పెట్టకూడదు, టీచరు పెట్టకూడదు. మరి ఎవరు పెట్టాలి? తల్లిదండ్రులు అనేది సులువైన జవాబు. 2017 నాటి మన దేశ వైద్య పరిశోధన నియమాలు కూడా తల్లిదండ్రుల అంగీకారం తీసుకోవాలని, ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుకోలు కూడా విడిగా తీసుకోవాలని అంటాయి. ఆదివాసుల విషయంలో పెద్దలతో, వాళ్ల భాష తెలిసినవాళ్లతో మాట్లాడాలని, అయినా పెద్దమనిషి ఒప్పుకోలు మనిషి ఒప్పుకోలుకి బదులు కాదని చెబుతాయి. నియమం బాగుంది. కానీ హాస్టల్‌లో పదమూడేళ్ల పిల్ల ముందు మేము నిలబడి "ఇస్తావా అమ్మా?" అని అడిగితే, ఆ పిల్ల "ఇవ్వను సార్" అంటుందా?

ఇక్కడ మనస్తత్వ శాస్త్రం ఒక సంగతి చెబుతుంది. 1961లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో స్టాన్లీ మిల్‌గ్రామ్ ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. పేపర్లో ప్రకటన చూసి వచ్చిన మామూలు మనుషులని కూర్చోబెట్టి, పక్క గదిలో ఉన్నాయన తప్పు జవాబు చెప్పినప్పుడల్లా కరెంటు షాక్ పెంచుకుంటూ పొమ్మన్నాడు. 15 వోల్టుల నుంచి 450 దాకా మీటలు. నిజానికి షాక్ లేదు, అవతలాయన నటుడు. కోటు వేసుకున్న ఒక మనిషి పక్కన నిలబడి, కానివ్వండి అంటూ ఉంటాడు, అంతే. 40 మందిలో 26 మంది చివరి మీట దాకా వెళ్లారు. వాళ్లు క్రూరులు కారు. చెమటలు పట్టాయి, వణికారు, గోళ్లు అరచేతిలో గుచ్చుకున్నారు. కాదు అనే మాట మాత్రం నోరు దాటలేదు. అన్నట్టు, ఆ మనుషులకి అసలు సంగతి చెప్పకుండానే ప్రయోగం చేశారు కాబట్టి, ఒప్పుకోలు గురించి మాట్లాడేటప్పుడు మిల్‌గ్రామ్‌ని సాక్షిగా తెచ్చుకోవడం మాకే కొంచెం ఇబ్బందిగా ఉంది.

ఇంకో ఇబ్బంది. ఆ 40 మంది అమెరికా మగవాళ్లు. మనుషులంతా ఇంతే అని చెప్పే చాలా పరిశోధనల పునాది ఇలాంటిదే. 2003 నుంచి 2007 దాకా పెద్ద పేరున్న మనస్తత్వ శాస్త్ర పత్రికలని ఒకాయన లెక్కపెట్టి చూస్తే, పరిశీలించిన మనుషుల్లో నూటికి 96 మంది పాశ్చాత్య దేశాల వాళ్లేనని తేలింది. శరీరం గురించి తెలుసుకోవడానికి రక్తం మన దగ్గరికి వచ్చి తీసుకుంటారు. మనసు గురించి రాసేటప్పుడు మనల్ని లెక్కలోకే తీసుకోరు. తర్వాత ఆ లెక్కతోనే మన పిల్లల తెలివిని కొలుస్తారు.

అయినా కోటు వేసుకున్న మనిషి ముందు నోరు పెగలకపోవడం చూడడానికి మాకు యేల్ దాకా వెళ్లాల్సిన పనిలేదు. ప్రార్థన వరసలో నిలబడ్డ మా పిల్లల్ని చూస్తే చాలు. పెద్దవాళ్లు కూడా తొడుక్కోలేని కోటు బెంగ మేము బెత్తంతో, హాజరుపట్టీతో, "నోరు మూసుకుని కూర్చో"తో ఏళ్ల తరబడి వాళ్లలో పెంచాం. అలాంటి పిల్ల తల ఊపితే దాన్ని ఒప్పుకోలు అనగలమా?

మిల్‌గ్రామ్ తర్వాత చేసిన మరో ప్రయోగం గురించి తక్కువమంది చెబుతారు. అదే గది, అవే మీటలు. ఈసారి పక్కన ఇంకో ఇద్దరు కూర్చున్నారు. మధ్యలో వాళ్లు ఒకరి తర్వాత ఒకరు మేము చేయం అని లేచిపోతారు. అప్పుడు చివరిదాకా వెళ్లింది 40 మందిలో నలుగురే. ఇది చదివాక మాకు చింతచెట్టు కింది పంచాయతీ గుర్తొచ్చింది. ఒక్కడు అనలేని మాట పదిమందిలో కూర్చుంటే నోటికి వస్తుంది. మన భూమి తీసుకోవాలంటే గ్రామసభను సంప్రదించాలని 1996 పెసా చట్టం చెబుతుంది. రక్తానికి కూడా ఆ కూర్చోవడం కావాలని మాకు అనిపిస్తోంది. మనిషి ఒప్పుకోలుకి బదులుగా కాదు. మనిషి నోరు తెరవడానికి ఒక అండగా. గ్రామసభలోనూ పెద్ద గొంతులు ఉంటాయి, ఆడవాళ్లు వెనక కూర్చుంటారు, అది మాకు తెలుసు. పెద్దలు ఊ అన్నాక పిల్ల ఊహూ అంటే పిల్ల మాటే నిలవాలి.

పోయిన చలికాలంలో ఇంకో పరిశోధన కాగితం వచ్చింది. ఈసారి మేము సంతకం పెట్టలేదు. ఆదివారం గూడేనికి పట్టుకెళ్లాం. తెలుగులో ఉన్నదాన్ని కోయ భాషలో చెబుతుంటే మాకే సగం మాటలు దొరకలేదు. "నమూనా భద్రపరచబడును" అన్న దగ్గర ఆగిపోయాం. ఎన్నాళ్లు అని ఒక తల్లి అడిగింది. కాగితంలో లేదు. ఫలితం మాకు చెబుతారా అని ఒకతను అడిగాడు. అదీ లేదు. మామ మనవరాలు, తొమ్మిదో తరగతి, అందరి వెనక నుంచి లేచి, "జబ్బు కోసమైతే ఇస్తా సార్, వేరేదానికైతే మళ్లీ అడగమనండి" అంది. ఆ మాటకి నలుగురైదుగురు పిల్లలు తల ఊపారు. ఇద్దరు అసలే వద్దన్నారు.

మూడు ప్రశ్నలూ, పిల్ల పెట్టిన షరతూ ఒక తెల్లకాగితం మీద రాసి, కాగితం పంపిన వాళ్లకి తిప్పి పంపాం. గడువు దాటిపోయింది, ఇలా ఆలస్యం చేస్తే ఎలా అని ఫోను వచ్చింది. జవాబు ఇంకా రాలేదు. సంతకం లేని ఆ పత్రం మా టేబుల్ సొరుగులోనే ఉంది.