చీకటి ఎవరిది?

మా స్కూలు నుంచి చలికాలంలో ఒక అమావాస్య రాత్రి చుక్కలు చూసేదానికి పోతాము. బళ్లారిలో సొంత టెలిస్కోపులు ఉన్న కొందరు పెద్దవాళ్ళు మా సైన్సు సారుతో మాట్లాడి మమ్మల్ని పిలుచుకుపోతారు. ఉద్యోగాలు వేరే, ఆకాశం చూడటం వాళ్ళ ఇష్టం. ఇంతకుముందు ఊరి అంచున ఒక గుట్ట పక్కన చూసేవాళ్ళం. పోయిన ఏడు అక్కడ ప్లాట్లు వేసి తెల్ల ఎల్‌ఇడి దీపాలు పెట్టినారు. ఆండ్రోమెడా గెలాక్సీ నుంచి 25 లక్షల ఏండ్ల కిందట బయల్దేరిన వెలుగు మా దాకా వచ్చి, చివర్లో ఒక కరెంటు స్తంభం దగ్గర ఓడిపోయింది!

కొత్త చోటు వెతకాలన్నారు. నేను చెయ్యెత్తి, "మా అవ్వ ఊరికి పోదాం సార్. హగరి దాటి ఆంధ్ర సరిహద్దు దగ్గర. ఇంటి వెనక చేను ఉంది, చీకట్లో చెయ్యి చాపితే చెయ్యి కనపడదు" అన్నాను. చాలా గర్వంగా అన్నాను.

పోయినాక చూస్తే చేనికి పోయే బాట మొదట్లో కొత్తగా ఒక దీపం వెలుగుతోంది. నాకు తెలీదు. టెలిస్కోపు తెచ్చిన ఒక సారు మెల్లగా, "అవ్వా, రెండు గంటలు దీన్ని ఆర్పిస్తారా?" అని అడిగినాడు.

అవ్వ కోపపడలేదు. "ఎన్ని అర్జీలు పెట్టుకుంటే వచ్చిన దీపం సారూ ఇది. మీకు ఊర్లో వెలుగు ఎక్కువైంది, చీకటి కోసం వచ్చినారు. మేము చీకటిలోనే పుట్టినాము" అనింది. అంతే. మా మామ అక్కడే నిలబడి ఉన్నాడు. ఆరేండ్ల కిందట ఇదే బాటలో రాత్రి నీళ్ళు కట్టేదానికి పోతూ రక్తపింజరిని తొక్కినాడు. ప్రాణం దక్కింది, ఎడమకాలి రెండు వేళ్ళు పోయినాయి. నేను తల వంచుకున్నాను. మా ఇంటి కష్టాన్ని నేనే "మంచి చోటు" అని అందరికీ చెప్పి తెచ్చినానే అనిపించింది.

తర్వాత సారు చెప్పిన ఒక విషయం నన్ను ఇంకా ఆలోచింపజేసింది. హైదరాబాదులో 1901లో నవాబ్ జఫర్ జంగ్ నిజామియా వేధశాల స్థాపించినాడు. అది బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. అక్కడివాళ్ళు ఏడు లక్షలకు పైగా చుక్కల స్థానాలు కొలిచి పట్టికలు వేసినారు. నగరం పెరిగి దీపాలు ఎక్కువైనాక పెద్ద 48 అంగుళాల టెలిస్కోపును దూరంగా జపాల్-రంగాపూర్‌లో పెట్టినారు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడినుంచి చూసినారు. మెల్లగా నగరం వెలుగు అక్కడికీ వచ్చింది. అంటే వెలుగు వెనకాల వస్తుంటే, చుక్కలు చూసేవాళ్ళు ముందర పరిగెత్తుతూనే ఉన్నారు. పరిగెత్తిన ప్రతిచోటా ఎవరో దీపం కోసం ఎదురు చూస్తుంటారు కదా?

క్లాసులో నా స్నేహితురాలు, "రెండు గంటలకు ఏమవుతుంది?" అనింది. పాము కరిచేదానికి ఒక్క నిమిషం చాలు. కానీ ఆమె ఇంకో మాట కూడా అనింది, దానికి నా దగ్గర జవాబు లేదు: "ఆకాశం మీ అవ్వది కూడా కదా?" నిజమే. పిల్లలకోడి చింతచెట్టు మీదికి ఎప్పుడొస్తుందో చూసి టైము చెప్పే మనిషి మా అవ్వ. ఊరంతా తెల్ల దీపాలు వస్తే ఆమె గడియారం కూడా పోతుంది. భద్రత కావాలి, చుక్కలూ కావాలి. రెంటిలో ఒకటి అబద్ధమైతే తేల్చడం సులువుగా ఉండేది.

లడఖ్‌లో హన్లే అనే చోట, దాదాపు 4,500 మీటర్ల ఎత్తులో, పెద్ద టెలిస్కోపు ఉంది. చుట్టూ 1,073 చదరపు కిలోమీటర్లను 2022లో చీకటి ఆకాశం కోసం కేటాయించినారు. ఊర్లను చీకట్లో పెట్టలేదు. దీపాలకు మూతలు పెట్టి వెలుగు కిందికే పడేట్టు చేస్తున్నారు, కిటికీలకు తెరలు వేస్తున్నారు. అక్కడి యువతకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, టెలిస్కోపులు ఇచ్చి నేర్పించినారు. వచ్చేవాళ్ళకు చుక్కలు చూపించి వాళ్ళు సంపాదిస్తున్నారు. వినేదానికి బాగుంది. కానీ మా అవ్వ ఊరికి టూరిస్టులు రారు, ఏమీ సంపాదన లేదు. లాభం లేనివాళ్ళు "వద్దు" అంటే ఆ "వద్దు"ను ఒప్పుకోవాల్సిందే అని నా అభిప్రాయం. అడగడమంటేనే కాదనే హక్కు ఇవ్వడం.

ఆ రాత్రి దీపం ఆర్పలేదు. రెండు చేలు దాటి పెద్ద చొప్పవామి వెనక్కి టెలిస్కోపులు మోసుకుపోయినాము. వామి నీడలో దీపం కనపడలేదు. పడమట బళ్లారి వైపు ఆకాశం నారింజ రంగులో ఉండింది, మిగతాదంతా మాదే. పదిన్నరకు అవ్వ శాలువా కప్పుకుని వచ్చి పిల్లలకోడిని టెలిస్కోపులో చూసింది. "ఆరో ఏడో అనుకుంటి, ఇన్ని పిల్లలా దీనికి!" అని చాలాసేపు కన్ను తియ్యలేదు. వెనక క్యూ పెరిగింది, ఎవరూ తొందర పెట్టలేదు.

ఇప్పుడు మామ నూనె డబ్బా రేకు కత్తిరించి దీపానికి మూత చేస్తున్నాడు. లైన్‌మ్యాన్ వస్తే పెట్టిస్తాడంట. బాట మీద వెలుగు కొంచెం తగ్గినా తీసేయిస్తానని ముందే చెప్పినాడు.