మూలకణ చికిత్స చేయించకపోతే పాపమా?

తండ్రికి గుండెపోటు వచ్చింది. స్టెంటు వేశారు, అల్లాహ్ దయతో ప్రాణం నిలిచింది. కాని గుండె పంపింగు బాగా తగ్గిపోయింది. మూలకణాలు ఎక్కిస్తే గుండె మళ్లీ బలపడుతుందని ఎవరో చెప్పారు. ఇల్లు అమ్మయినా చేయించాలా? చేయించకపోతే కన్నవారి హక్కు విషయంలో రేపు దైవసన్నిధిలో దోషులమవుతామా?

మనవాళ్లు ముందుగా అడిగేది ఆ కణాలు హలాలా, హరామా అని. 2003లో మక్కాలో సమావేశమైన ఫిఖ్హ్ అకాడమీ దీన్ని తేల్చింది. కావాలని గర్భస్రావం చేసి తీసిన కణాలు నిషిద్ధం. తల్లిదండ్రుల అనుమతితో మావి నుంచి, బొడ్డుతాడు నుంచి తీసినవి ధర్మసమ్మతం. అసలు చిక్కు ఇక్కడ లేదు.

మన దేశంలోనే ఔరంగజేబు కాలంలో సంకలనమైన ‘ఫతావా ఆలంగీరీ’ హానిని తొలగించే సాధనాలను మూడు రకాలు చేసింది. మొదటిది ఖచ్చితమైనది: ఆకలికి అన్నం, దాహానికి నీరు. దాన్ని వదిలి చావు కొనితెచ్చుకోవడం హరామ్. రెండోది, బాగవుతుందని బలంగా నమ్మదగినది. మామూలు వైద్యమంతా ఇదే. దీన్ని చేయించుకోవడం తవక్కుల్‌కు, అంటే దైవంపై భరోసాకు, విరుద్ధం కాదు. వదిలేసినా పాపం కాదు. మూడోది కేవలం ఊహ.

మరి మూలకణ చికిత్స ఎక్కడ నిలుస్తుంది? ఇరాన్‌లోని షీరాజ్‌లో 396 మంది రోగులపై జరిగిన పరిశోధన 2025లో వెలువడింది. అందరూ తొలిసారి గుండెపోటు వచ్చి, పంపింగు 40 శాతం కన్నా తగ్గినవారే. కొందరికి మామూలు వైద్యంతో పాటు బొడ్డుతాడు కణాలను గుండె రక్తనాళంలోకి ఎక్కించారు. వారిలో గుండె వైఫల్యం రేటు మిగతావారితో పోలిస్తే సగానికన్నా తక్కువగా ఉంది. మరణాల్లో మాత్రం స్పష్టమైన తేడా తేలలేదు. రోగి సొంత ఎముక మజ్జ కణాలతో ఐరోపాలో జరిగి 2020లో వెలువడిన పరిశోధనలోనూ ప్రాణాలు నిలిచాయని రుజువు కాలేదు. అనుకున్నంతమంది రోగులు అందులో చేరనేలేదు. కాబట్టి మా దృష్టిలో ఇది ఊహ స్థాయిని దాటింది గాని రెండో మెట్టుకు ఇంకా పూర్తిగా చేరలేదు. ఇల్లు అమ్మని కొడుకుపై ఏ పాపమూ లేదు. డాక్టరు రాసిన మందులు వేళకు తండ్రి చేతికి అందించడం అతని సేవే.

పాపం మోసేవారు వేరే ఉన్నారు. రక్తసంబంధ వ్యాధుల్లో ఆమోదం పొందిన చికిత్సలు తప్ప మూలకణాలను ఆమోదిత పరిశోధనల్లోనే వాడాలని, అందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోరాదని మన వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయినా ‘గ్యారంటీ’ అంటూ లక్షలు అడిగేవారు పైన ఎండు ధాన్యం పోసి, లోపల తడి ధాన్యం దాచిన ఆ మదీనా వ్యాపారి వంటివారు. అలాంటివాడు తనవాడు కాడని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చెప్పారు. ఇక్కడ అమ్ముతున్నది ధాన్యం కూడా కాదు, ఓ ఇంటి ఆశ. చికిత్సకు ఒప్పుకునే ముందు ‘ఇది ఆమోదం పొందిన పరిశోధనేనా? అయితే డబ్బెందుకు?’ అని నిలదీసి అడగండి.