మూత తీయని పీపా

కొండ మీద పొగ చూసి నిప్పుందనడం జ్ఞానమా, ఊహా? ప్రత్యక్షం తప్ప మరో ప్రమాణం లేదన్నారు చార్వాకులు. తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో నైయాయికుల బాటలో అనుమానాన్నీ, అంటే గుర్తును బట్టి కనపడనిదాన్ని తేల్చడాన్నీ, ప్రమాణంగా నిలబెట్టాడు. ఆ తగువుకు అమెరికాలోని న్యూమెక్సికోలో గట్టి పరీక్ష ఉంది. అక్కడ 655 మీటర్ల లోతున ఉప్పుపొరలో తవ్విన కేంద్రంలో 1999 నుంచి అణ్వాయుధాల తయారీ వ్యర్థాలను పూడుస్తున్నారు. 208 లీటర్ల ఉక్కు పీపాల్లో చేతితొడుగులు, పనిముట్లు, బురద ఉంటాయి. వాటిలో ప్లుటోనియం ఎంతుందో మూత తీయకుండానే తేల్చాలి. తీసి చూస్తే పోదా అంటాడు చార్వాకుడు. తీసినా ప్లుటోనియం పరిమాణం కంటికి అందదు. చిటికెడు నమూనా పరీక్షించి పీపా మొత్తానికి లెక్కకట్టడం కూడా అనుమానమే. పైగా తొడుగులూ ఇనుప ముక్కలూ కలగలిసిన చోట అది మరీ బలహీనమైన అనుమానం.

బయటి నుంచి కొలిచేవారికి దొరికే హేతువు, అంటే పొగలాంటి గుర్తు, ఇంతకంటే గట్టిది. ప్లుటోనియం-240 తనంతట తానే విచ్ఛిత్తి చెందుతూ గ్రాముకు సెకనుకు సుమారు వెయ్యి న్యూట్రాన్లు విడుస్తుంది. అవి ఉక్కును దాటి వస్తాయి. అయితే పొగమంచును పొగ అనుకునే ప్రమాదం ఇక్కడా ఉంది. పక్కన ఫ్లోరిన్ ఉంటే ఆల్ఫా కణాలు తగిలి వేరే న్యూట్రాన్లు పుడతాయి. కానీ అవి ఒంటరిగా వస్తాయి, విచ్ఛిత్తివి రెండూ మూడూ కలిసి వస్తాయి. అందుకే ఒకే క్షణంలో జతగా తగిలినవాటిని వేరుచేసి లెక్కిస్తారు. హేత్వాభాసాన్ని, అంటే హేతువులా కనిపించే మోసాన్ని, గడియారంతో పట్టుకోవడమంటే ఇదే. కొలిచే యంత్రం నేర్చిన వ్యాప్తి, అంటే గుర్తుకూ వస్తువుకూ ఉన్న తప్పని సంబంధం, తెలిసిన పీపాలది, ఈ పీపా వేరైతే ఏం చేస్తారన్నది ఇంకా పదునైన ఆక్షేపణ. నిజమే, గామా కిరణాలతో కొలిచినప్పుడు ముద్దకట్టిన ప్లుటోనియం వాటిని తానే మింగి తక్కువగా కనిపిస్తుంది. అందుకే ఫలితం పక్కన ఎంత తేడా ఉండవచ్చో కూడా రాస్తారు. కళ్ళారా చూశానన్నవాడు ఆ లెక్క ఎప్పుడైనా ఇచ్చాడా?

2014 ఫిబ్రవరిలో అదే కేంద్రంలో ఒక పీపా పగిలి రేడియోధార్మికత బయటపడింది కదా అంటారు. కారణం రసాయనం: నైట్రేట్ లవణాలతో, తడి పీల్చడానికి వేసిన సేంద్రియ పొడి కలిసి వేడెక్కింది. న్యూట్రాన్ల లెక్క ఆ సంగతి చెప్పదు. అక్కడ ఆధారం పీపా నింపినవారి రాతలు, అంటే శబ్ద ప్రమాణం. ఆ పొడి మాత్రం మూసిన పీపాలో చేరలేదు. ఆ పీపా నింపిన లాస్ అలమాస్ ప్రయోగశాలలో ఆ వ్యర్థాన్ని తెరిచి, మనుషులు చూస్తుండగానే కలిపి, మళ్ళీ నింపారు.