‘మరోచరిత్ర’లో ప్రేమికుల మరణం: కారణం, బాధ్యత

నిజామాబాద్ జిల్లా రెంజల్ మండలంలోని కందకుర్తి వద్ద మంజీర, హరిద్ర నదులు గోదావరిలో కలుస్తాయి. బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర కర్ణాటకను తాకి, నిజాంసాగర్ దాటి ఇక్కడికి చేరుతుంది. సంగమంలో ఏ నది నీరు ఎంతో విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు. అంతమాత్రాన వరదలో మంజీరకు పాలు లేదని ఎవరూ అనరు. అకాలంగా పోయిన బిడ్డ అస్థికలను ఆ రేవులో కలిపి మరలినవారికి ‘ఇది ఎవరి వల్ల జరిగింది’ అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

విషాదాంత ప్రేమకథల విమర్శలోనూ ఇదే చిక్కు. మృతికి దారితీసినవారు అనేకులైనప్పుడు ఒక్కరిని దోషిగా ఎంచుకోవడమో, విధి మీదికి నెట్టివేయడమో పరిపాటి. కె. బాలచందర్ 1978లో తీసిన ‘మరోచరిత్ర’ ఈ రెండింటికీ లొంగదు. విశాఖపట్నంలో ఇరుగుపొరుగున ఉన్న తమిళ యువకుడు బాలు, తెలుగు యువతి స్వప్న ప్రేమించుకుంటారు. ఏడాదిపాటు కలుసుకోకుండా, ఉత్తరాలు రాసుకోకుండా ఉండి, అప్పటికీ మనసు మారకుంటే పెళ్లి చేస్తామని పెద్దలు షరతు పెడతారు. ఎడబాటులో పుట్టిన అపార్థంతో బాలు సంధ్య అనే వితంతువును పెళ్లాడాలనుకుంటాడు. నిజం తెలిసిన సంధ్య తప్పుకొంటుంది. బాలు ఆమెను వంచించాడనుకున్న సోదరుడు అతనిపైకి మనుషుల్ని పంపుతాడు. స్వప్న మరొకడి అత్యాచారానికి గురవుతుంది. ఇద్దరూ మరణిస్తారు. పెద్దల్లో ఎవరూ కత్తి పట్టలేదు.

కారణాలను వేరుచేయడానికి న్యాయశాస్త్రం తోడ్పడుతుంది. కుండకు మట్టి సమవాయి కారణం. కుమ్మరి, సారె, దండం నిమిత్త కారణాలు. మట్టి మోసుకొచ్చిన గాడిద కుండకు ముందే ఉన్నా కారణం కాదు, అన్యథాసిద్ధం. కాలం, అదృష్టం వంటివి సమస్త కార్యాలకూ సాధారణ కారణాలు. విధివాదంలోని లోపం ఇక్కడే బయటపడుతుంది. అన్నింటికీ సమానంగా కారణమైనది ఈ ఒక్క మరణాన్ని ప్రత్యేకించి వివరించలేదు. ‘రోమియో జూలియట్’లో వెరోనా మీద వెలిగిన నక్షత్రాలు ఆ ఊరి తక్కిన యువతీయువకుల మీదా వెలిగాయి కదా!

ఆనుశాసనిక పర్వారంభంలోని గౌతమి కథ ఈ చర్చకు మరింత దగ్గరిది. ఆమె కొడుకును కరిచిన పామును బోయవాడు బంధిస్తాడు. సారె, దండంలాగా తాను స్వతంత్రను కానంటుంది పాము. తనను ప్రేరేపించింది మృత్యువంటుంది. మృత్యువు కాలాన్ని చూపుతుంది, కాలం కర్మను చూపుతుంది. చివరకు గౌతమి పామును విడిచిపెట్టమంటుంది. దీన్ని బాధ్యతను రద్దుచేసే కథగా చదవడం తొందరపాటు. భీష్ముడు దీన్ని చెప్పింది తన వల్లనే ఇంత జరిగిందని కుమిలిపోతున్న ధర్మరాజుకు. ఇది ఓదార్పు. క్షమించే అధికారం బిడ్డను పోగొట్టుకున్న తల్లిది. అవే మాటలు పాము నోట ఓదార్పు కావు, వాదన అవుతాయి.

‘మరోచరిత్ర’ పెద్దల విషయంలో ఆ రెండు నోళ్లూ ఒకటే. బిడ్డల్ని పోగొట్టుకున్నదీ వారే, బిడ్డలు ఒంటరిగా నడవాల్సిన ఏడాదిని సృష్టించినదీ వారే. షరతు చూడటానికి న్యాయంగానే ఉంది. ప్రేమికులు దానికి ఒప్పుకున్నారు కూడా. అయితే పరీక్ష అంతా పిల్లలకే. ఆ ఏడాదిలో తమ మనసు మార్చుకోవాలన్న నిబంధన పెద్దలు తమకు విధించుకోలేదు. అత్యాచారాన్ని వారు ఊహించి ఉండకపోవచ్చు. కాని ఎడబాటు అపార్థాలను పెంచుతుందని వారికి తెలుసు. షరతు అసలు ఉద్దేశం అదే. కోరి పెంచినదాని ఫలితం ఎదురుచూసినదానికంటే ఘోరంగా వచ్చిందనడం సమాధానం కాదు.

ఇలా అంటే హంతకుల నేరం తగ్గుతుందన్న ఆక్షేపణ రావచ్చు. తగ్గదు. బాధ్యత పంచుకుంటే తరిగే ఆస్తి కాదు. ఉమ్మడిగా పత్రం రాసిచ్చిన రుణానికి ప్రతి ఒక్కరూ మొత్తం బాకీకి బాధ్యులే. అత్యాచారం చేసినవాడు తన చేతకు పూర్తిగా దోషి. పెద్దలు తమ షరతుకు పూర్తిగా జవాబుదారులు.

షేక్స్‌పియర్‌కు ఆధారమైన ఆర్థర్ బ్రూక్ కావ్యం (1562) చివర శిక్షల పంపకం ఉంది: దాదికి దేశబహిష్కారం, విషం అమ్మినవాడికి ఉరి. పేదరికం వల్ల విషం అమ్మినవాడికే అత్యంత కఠిన శిక్ష పడటం గమనార్హం. షేక్స్‌పియర్ ఆ జాబితాను తొలగించాడు. ఆయన ప్రభువు కొందరికి క్షమ, కొందరికి శిక్ష అని మాత్రమే చెప్పి, కలహాన్ని చూసీచూడనట్లు వదిలినందుకు తననూ దోషుల్లో లెక్కించుకుంటాడు. ‘మరోచరిత్ర’లో అలాంటి ప్రభువు లేడు.

ఇక మిగిలింది సంధ్య. ఆమె తప్పుకోవడమే సోదరుడి కోపానికి హేతువు కనుక, కార్యకారణ శృంఖలలో ఆమె కూడా ఒక కొస. అయినా ఆమెకు తెరిచి ఉన్న దారుల్లో ఎవరికీ అన్యాయం చేయనిది అదొక్కటే, ఆమె దాన్నే ఎంచుకుంది. ఆమె ఎందుకు తప్పుకొందో అడిగి తెలుసుకునే దారి సోదరుడికీ తెరిచే ఉంది. అతడు అడగలేదు.