ఖాళీగా ఉన్న చోటు ఎవరిది?

మనవాళ్ళకి ఖాళీ అంటే ఎందుకో మహా చిరాకు. గోడ ఖాళీగా ఉంటే మేకు కొడతాం. ఆదివారం ఖాళీ దొరికితే చుట్టాలింటికి బయల్దేరతాం. ఇక నేల ఖాళీగా కనిపిస్తే చెప్పేదేముంది!

మా లింగంపల్లి వైపు చెరువులకొచ్చిన కష్టంలో సగం ఈ చిరాకులోంచే పుట్టిందని నా అనుమానం. చెరువు ఏడాది పొడుగునా ఒక్కలా ఉండదు. వానలకి ఒళ్ళు చేస్తుంది, ఎండలకి చిక్కిపోతుంది. నీరు తీసినప్పుడు బయటపడే నేలని తెలంగాణలో శిఖం అంటారు. వెనకటికి రైతు అందులో ఓ పంట తీసుకుని, వానలు రాగానే మారుమాట లేకుండా దాన్ని చెరువుకి అప్పగించేవాడు. సొంతదారు ఊరెళ్ళాడంతే, మళ్ళీ వస్తాడని అతనికి తెలుసు. పురిటికో పండక్కో వచ్చే అమ్మాయి గది పది నెలలు ఖాళీగా ఉన్నా మనం అద్దెకిస్తామా? మరి వేసవిలో చెరువుని చూసి కొలతలు వేసుకున్నామేం?

లింగంపల్లికి దగ్గర్లోనే కుతుబ్‌షాహీల నాటి అమీన్‌పూర్ చెరువుంది. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. పట్టణ ప్రాంతపు చెరువుకి ఆ గౌరవం దక్కడం దేశంలో అదే మొదలు. అక్కడికి వచ్చే ఫ్లెమింగోలకి కావలసింది లోతు నీళ్ళు కాదు. కాళ్ళు మునిగేటంత పలుచని నీరు, కింద కాస్త బురద. అంటే మనం ‘ఏముంది, ఉత్త బురదేగా’ అనుకునే అంచే వాటి వంటిల్లన్నమాట.

ఇప్పుడు చెరువుల్ని బాగుచేసి, చుట్టూ నడకకీ సైకిళ్ళకీ దారులు వేస్తున్నారు. ఒకప్పుడు గోల్కొండ కోటకి మంచినీళ్ళిచ్చిన దుర్గం చెరువు చుట్టూ ఈవేళ జనం నడుస్తున్నారు. చూడముచ్చటగానే ఉంటుంది. మా పక్కింటి వదినగారు రోజూ నడిచే మనిషి. “మనుషులు తిరగని చెరువుని ఎవరు కాపాడతారండీ? నలుగురూ నడుస్తుంటే రాత్రికి రాత్రి మట్టి లారీలు దిగవు” అంటారావిడ. కాదనలేను. దారి ఉన్నచోట కళ్ళుంటాయి.

కానీ ఆ దారి ఎక్కడ వేశారన్నది నా ప్రశ్న. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి నిండు నీటిమట్టం అవతల 30 మీటర్లు వదలమన్నాయి. నడకదారి వేస్తే ఆ వదిలిన మేరలోనే. మనకేమో నీళ్ళు కాళ్ళకి తగిలేంత దగ్గర్లో నడవాలని సరదా! ఆ సరదా కోసం అంచునే రాళ్ళు పరిస్తే, మనం చూడ్డానికొచ్చిన పక్షి వంటిల్లు మన చెప్పుల కింద పడుతుంది. ఇల్లు కట్టినవాడిది ఆక్రమణ, బెంచీ వేసుకున్న మనది సుందరీకరణ. చెరువు వైపు నిలబడి చూస్తే ఈ రెంటికీ ఎంత తేడా?

అసలు తేడా లేదనను. ఇల్లు జరగడం కష్టం. అందులో ఓ సంసారం జీవితకాలపు పొదుపు ఉంటుంది. దారి సులువుగా జరుగుతుంది. తేలిగ్గా జరగగలిగినవాళ్ళు ముందుగా జరగడం న్యాయం కదూ? చెరువుని ప్రేమించేవాళ్ళమని చెప్పుకునే మనం ఆ మాత్రం చెయ్యకపోతే, ఇల్లు పోతుందని ఏడ్చేవాళ్ళని వెళ్ళమనడానికి మనకి నోరెలా వస్తుంది?

నీరు ఎల్లకాలం ఉన్నా, కొన్నాళ్ళే ఉన్నా అది చిత్తడి నేలేనని 1971లో రాంసర్ ఒప్పందం చెప్పింది. మన శిఖం రైతుకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

అంచేత, వానాకాలంలో ఓ నెలరోజులు నడకదారి మునిగితే మునిసిపాలిటీకి ఫిర్యాదు రాయకండి. అమ్మాయి పుట్టింటికొచ్చిందనుకుని, ఆ నాలుగడుగులూ మన వీధిలోనే వేద్దాం.