నూట ఇరవై ఒకటోది

పాలమూరు దిక్కున ఒక ఊరు. ఆ ఊళ్లో మల్లయ్య అనే గొర్లకాపరి. అతని మందలో 120 జీవాలు. పొద్దుగూకే వేళ దొడ్డి తడిక కాస్త పక్కకు లాగి, గొర్లను ఒక్కొక్కటిగా లోపలికి వదులుతూ లెక్కపెట్టుకోవడం అతని అలవాటు. 120 అయ్యాక తడిక మూసేవాడు. బయట ఇంకొక ప్రాణం మిగిలేది. దాని పేరు పులిగాడు. చూడ్డానికి ఎర్రటి ఊరకుక్కే, తోడేలు వాసన తగిలితే మాత్రం నిజంగా పులే. రాత్రంతా దొడ్డి చుట్టూ కాపలా తిరిగి, తెల్లవారుజామున మల్లయ్య గొంగడి అంచున ముడుచుకుని పడుకునేవాడు.

వానలకు ముందు ఊరికి నట్టల మందు వచ్చింది. పశువైద్యశాల వాళ్లు రచ్చకట్ట దగ్గర శిబిరం పెట్టారు. మల్లయ్య మందనంతా తోలుకొచ్చాడు. ఒక్కో గొర్రె దవడ పట్టుకుని మందు తాగించాడు. అన్నిటికీ పట్టడం అయ్యాక డాక్టరమ్మ పులిగాడి వైపు చూసింది.

"మరి వీనికి?"

"వీనికేందమ్మా?"

"నట్టల గోళీలు. ఇరవై కిలోలుంటడు, రెండు వెయ్యాలె. గొర్ల మందు లెక్క ఇవి ఊరికె రావు, దుకాణంల కొనుక్కో. రెండూ కలిపి వంద రూపాయలు గాదు."

మల్లయ్య నవ్వాడు. పక్కనున్న కాపరులూ నవ్వారు. "కుక్కకు గోళీలా అమ్మా? గొర్రె ఈనితే పిల్ల, అమ్మితే పైసలు, కత్తిరిస్తే బొచ్చు. వీడేమిస్తడు? వీడు మంద లెక్కల్నే లేడు గదా!"

డాక్టరమ్మకు ఇంకో ఊరు పోవాల్సి ఉంది. ఏమీ అనకుండా సంచీ సర్దుకుంది.

చలికాలంలో ఒక ఏడాది పిల్ల మంద నుంచి విడిపోయింది. మేత మేయడం మానేసి, తల ఒక పక్కకు వంచి, కనిపించని గుంజకు కట్టేసినట్టు ఉన్నచోటనే ఎడమకు తిరుగుతోంది. కొమ్మలు అడ్డొస్తే గుద్దుకుంటోంది. కన్ను ఆనడం లేదు. గాలి సోకిందన్నారు కొందరు. నుదుటి మీద వాత పెట్టారు. పదో రోజుకు అది పడిపోయింది. తల చెడిన జీవం కదా, తలకాయ మనుషులు తినొద్దని మల్లయ్య దాన్ని పులిగాడి ముందు పడేశాడు. పులిగాడు దాన్ని చెట్టు కిందికి ఈడ్చుకుపోయి, ఎముక పగలగొట్టి, లోపలిదంతా నాకేశాడు. మనిషికి పనికిరానిది కుక్కకు పెడితే వృథా కాలేదన్న తృప్తి మల్లయ్యది.

మరుసటి ఏడు అట్లా తిరిగినవి ఏడు. అన్నీ పిల్లలే, రేపో మాపో అమ్మకానికి వచ్చేవే. బేరగాడు వాటిని చూసి సగం ధర కూడా పెట్టలేదు. ఏ పిల్ల చచ్చినా తలకాయ మాత్రం పులిగాడికే.

ఇంట్లో ఇంకొక బాధ మొదలైంది. మల్లయ్య తల్లి ఎల్లవ్వ, మనవరాలు లచ్చి ఒకే గొంగడి మీద పడుకునేవారు. పొద్దున లేచేసరికి లచ్చి చీలమండల చుట్టూ ఎర్రటి దద్దులు. పులిగాడు వెనక కాలితో చెవి దగ్గర గీరుకుంటూనే ఉన్నాడు, తోక మొదట్లో వెంట్రుకలు ఊడిపోయి చర్మం కనిపిస్తోంది. ఒకరోజు గొంగడి దులుపుతుంటే ఎల్లవ్వకు దోసగింజల్లాంటివి నాలుగు కనిపించాయి. పొయ్యి దగ్గర దోసకాయ కోసి ఎన్నాళ్లయిందో! ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుంది. అది మెల్లగా సాగింది. మళ్లీ ముడుచుకుంది.

ముసలమ్మ కేక వేయలేదు. అగ్గిపెట్టెలోని పుల్లలు ఒంపేసి, ఆ గింజలను అందులో పెట్టి, పులిగాడి మెడకు తాడు కట్టి, మూడు మైళ్లు నడిచి పశువైద్యశాలకు పోయింది.

డాక్టరమ్మ అగ్గిపెట్టె తెరిచి చూసింది. తర్వాత దువ్వెన తీసి పులిగాడి నడుం మీద వెంట్రుకలకు ఎదురు దువ్వింది. దువ్వెన పళ్ల మధ్య నల్లటి ఇసుకలాంటి నలుసులు వచ్చాయి. వాటిని తడిపిన తెల్లగుడ్డ మీద దులిపింది. ఒక్కొక్క నలుసు చుట్టూ గుడ్డ ఎర్రబారింది.

"అవ్వా, ఇది మట్టి గాదు. ఎగిరే పేలు పులిగాని నెత్తురు తాగి ఏరిగింది. కుక్కకు దురద పుడితె పంటితో కొరుక్కుంటది, ఆ పేనును మింగుతది. పేను కడుపుల నుంచి ఈ బద్దెపురుగు కుక్క కడుపులకొస్తది. గింజలు గావు ఇవి, పురుగు తునకలు."

ఎల్లవ్వ తలూపింది. పోయే ముందు, డాక్టరమ్మ కూడా ఆడమనిషి కనుక ఇంటి బాధ ఇంకొకటి కూడా చెప్పుకుంది: గొర్లు తలతిరిగి చస్తున్నాయని. డాక్టరమ్మ చేతిలో దువ్వెన ఆగింది.

"చచ్చినవాటి తలకాయలు ఏం జేసిన్రు?"

"పులిగానికి ఏసినం."

మరునాడు డాక్టరమ్మే ఊరికి వచ్చింది. ఎనిమిదో పిల్ల అప్పుడే ప్రాణం విడిచింది. మల్లయ్య ఎదుటనే దాని పుర్రె తెరిచింది. మెదడు ఒక పక్కకు ఒత్తుకుపోయి ఉంది. ఆ ఖాళీలో నిమ్మకాయంత నీటిబుడగ. పలుచటి పొర, లోపల తేట నీళ్లు. పొరకు లోపలివైపు గసగసాలు అంటుకున్నట్టు గుంపులు గుంపులుగా తెల్లటి చుక్కలు.

"మల్లయ్యా, ఒక్కో చుక్కా ఒక్కో పురుగు తలకాయ. ఈ బుడగను పులిగాడు తింటే ఒక్కో చుక్కా వాని పేగుల ఒక్కో బద్దెపురుగైతది, పేను తెచ్చే రకం గాదు, వేరే రకం. నెలన్నరకు గుడ్లు పడుడు షురువైతది. వాని పెంటల నుంచి గడ్డి మీదకు, గడ్డి నుంచి గొర్రె కడుపులకు, ఆడినుంచి మెదడులకు. నువ్వు 120కి మందు పోయించినవు. 121వది పురుగును మళ్లా తెచ్చి మందల కలిపింది."

మల్లయ్య లెక్క తెలిసినవాడు. రెండు గోళీలకు వంద, చచ్చిన ఎనిమిది పిల్లలకు ఎంత? నోటి మాట రాలేదు. ఆ సాయంత్రమే గోళీలు తెచ్చి, జొన్నరొట్టె ముక్కలో చుట్టి పులిగాడికి పెట్టాడు. తలకాయను కుక్కలు తవ్వలేనంత లోతున పాతిపెట్టాడు. పేలకు మెడ వెనక వేసే చుక్కల మందూ వేశాడు.

మూడు వారాలు తిరక్కుండానే పులిగాడు మళ్లీ గీరుకోవడం మొదలుపెట్టాడు.

"మందు ఉత్తదే! పైసలన్నీ నీళ్లపాలు," అన్నాడు మల్లయ్య.

"మందు కుక్క మీద పడ్డది. గుడ్లు గొంగడిల ఉన్నయి గదరా," అంది ఎల్లవ్వ. పులిగాడు పడుకునే గోనెపట్టాను గంగాళంలో మరిగే నీళ్లలో వేసింది. గొంగడిని మిట్టమధ్యాహ్నపు ఎండలో బండ మీద పరిచి, తిప్పి తిప్పి కట్టెతో దులిపింది. ఇంటి మూలలు, గోడ వారలు, మంచం కింద రోజు విడిచి రోజు ఊడ్చి, ఆ చెత్తను పొయ్యిలో వేసింది. మల్లయ్యతో నెల నెలా చుక్కల మందు వేయించింది. మూడో నెలకు లచ్చి కాళ్ల మీద దద్దులు మానాయి.

గోళీల తేదీలు ఎవరు గుర్తు పెట్టుకోవాలి? ఎల్లవ్వకు అక్షరం రాదు, పండగలు వచ్చు. ఉగాది, తొలి ఏకాదశి, దసరా, సంక్రాంతి. పండగకొకసారి, పండగకూ పండగకూ నడుమ ఇంకోసారి. గోళీ వేసిన రోజు గోడకు ఎర్రమన్నుతో ఒక గీత. తర్వాత పుట్టిన పిల్లల్లో తిరిగినవి అరుదు, రెండో ఏటికి ఒక్కటీ లేదు. మల్లయ్య ఇప్పుడు తడిక మూసే ముందు పులిగాడి తల మీద చెయ్యి వేసి, వాణ్ని కూడా కలిపి లెక్క ముగిస్తాడు.

నీతి: మందలో తిరిగే ప్రతి ప్రాణమూ లెక్కలో ఉండాలి. లెక్కలోంచి తీసేసిన ప్రాణం దగ్గరే రోగం దాక్కుంటుంది.

ఈ కథ గొర్లకాపరిది కనుక మనది కాదనుకోవద్దు. ఊళ్లో కుక్క దొడ్డి దగ్గర పడుకుంటే, పట్నంలో సోఫా మీద పడుకుంటుంది. పురుగుకు ఆ తేడా లేదు. కుక్కల ఏలికపాము గుడ్లు మట్టిలో నెలలు, ఏళ్లు బతుకుతాయి. మట్టిలో ఆడి చేతులు కడగకుండా నోట్లో పెట్టుకున్న పిల్లల కడుపులోకి అవి చేరితే, పిల్లపురుగులు కాలేయానికీ కంటికీ పోతాయి, చూపు పోయిన పిల్లలూ ఉన్నారు. మన బడుల్లో ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న పిల్లలకు ఆల్బెండజోల్ గోళీ వేస్తాం. మంచి పని. ఆ గోళీ వేసుకుని ఇంటికొచ్చిన పిల్ల ఒళ్లో కూర్చునే కుక్కపిల్లకు మాత్రం పుట్టిన దగ్గర నుంచీ ఒక్క మోతాదూ పడి ఉండదు. చాలా కుక్కపిల్లలు ఏలికపాములతోనే పుడతాయి, తల్లి గర్భంలోనే అవి పిల్లల్లోకి చేరతాయి. అందుకే రెండు వారాల వయసులో మొదటి మోతాదు, పాలు మరిచేదాకా రెండు వారాలకొకసారి వేయమంటారు వైద్యులు. కొంకి పురుగులు పట్టిన కుక్కపిల్ల చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోతాయి. అది కనిపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు.

ఖర్చు సంగతి దాచకుండా మాట్లాడుకోవాలి. మూడు నెలలు పనిచేసే పేల గోళీలు వచ్చాయి, మంచివే, కానీ కూలి చేసుకునే ఇంటికి అవి బరువే. అవి కొనలేనంత మాత్రాన చేతులు ముడుచుకోనక్కర్లేదు. బద్దెపురుగుల్ని చంపే ప్రాజిక్వాంటెల్ 1970లలోనే వచ్చిన మందు, ఇప్పుడు ఎన్నో కంపెనీలు చేస్తున్నాయి. ఏలికపాములకూ కొంకి పురుగులకూ కలిపి పనిచేసే గోళీలు పది కిలోలకు ఒకటి లెక్కన దొరుకుతాయి. కుక్క బరువు తెలియకపోతే దాన్ని ఎత్తుకుని కాటా ఎక్కండి, తర్వాత ఒక్కరే ఎక్కండి, తీసివేస్తే వచ్చిందే దాని బరువు. ఆ లెక్క తప్పితే మందు తక్కువై పురుగు చావదు, చావని పురుగుకు పెట్టిన రూపాయే అసలు దండగ. ఇంటి కుక్కకు మూడు నెలలకొకసారి చాలు. పచ్చి మాంసం తినే కుక్కకు, మంద వెంట తిరిగే కుక్కకు ఎల్లవ్వ లెక్క పట్టండి.

పేల విషయంలో మల్లయ్య చేసిన తప్పే మనమందరం చేస్తాం. కుక్క ఒంటి మీద కనిపించేవి ఆ ఇంట్లో ఉన్న పేల సంతతిలో నూటికి ఐదే. మిగతా తొంభై ఐదు గుడ్లుగా, పిల్లలుగా, గూళ్లుగా పక్కబట్టల్లో, నేల పగుళ్లలో ఉంటాయి. గూటిలో ఉన్నదాన్ని ఏ మందూ తాకదు, అది బయటికొచ్చేదాకా వేయాల్సిందే. అందుకే మూడు నెలల ఓపిక. ఎండ, మరిగే నీళ్లు, చీపురు, సన్నపళ్ల దువ్వెన, పక్కన సబ్బునీళ్ల గిన్నె. వీటికి దుకాణం గుమ్మం ఎక్కనక్కర్లేదు. ఫిప్రోనిల్ చుక్కలు కొంటే వెంట్రుకలు పాయ తీసి చర్మం మీదే వేయండి, ముందు రెండు రోజులూ తర్వాత రెండు రోజులూ స్నానం చేయించకండి.

చౌకగా అవుతుందని కొందరు చేసే పనులు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కిరసనాయిలు పూస్తారు, చర్మం కాలిపోతుంది. పత్తికి కొట్టే పురుగుల మందు నీళ్లలో కలిపి స్నానం చేయిస్తారు, కుక్క నురగలు కక్కుతూ పోతుంది. వెల్లుల్లి తినిపిస్తారు, దాంతో పేలు పోవు, కుక్క రక్తకణాలు చితికిపోతాయి. గొర్ల మందు సీసాలో మిగిలింది కుక్క నోట్లో పోస్తారు, ఆ మందు వేరు, మోతాదు వేరు. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి పూస్తారు, పిల్లికి అది విషం. ఇవేవీ పొదుపు కావు, నోరులేని ప్రాణంతో చెలగాటం. దయచేసి మానండి.

ఏటా జూలై 6న, జంతువుల నుంచి మనుషులకు సోకే రోగాల దినం నాడు, చాలా పశువైద్యశాలల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. తొలి ఏకాదశి కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే వస్తుంది. ఈసారి మీ కుక్కను తోలుకుపోయినప్పుడు టీకా వేయించి ఊరుకోకండి. బరువు తూయించి, నట్టల గోళీ ఎంత వేయాలో అక్కడే అడిగి రాయించుకోండి.