తోసేదెవరు?

బందరు చిలకలపూడి పాండురంగస్వామి గుడి దగ్గర గీత చెప్పినప్పుడల్లా మూడో అధ్యాయంలో అర్జునుడి ప్రశ్న దగ్గర ఆగుతాను. వద్దనుకుంటూనే మనిషి తప్పెందుకు చేస్తాడు? కామమూ క్రోధమూ అన్నాడు కృష్ణుడు. పెద్దలు తలూపుతారు. మా అన్నయ్య కొడుకు ఊపలేదు. గుడివాడలో చదువుకుంటూ గంజాయికి అలవాటు పడ్డాడు. "మానాలనే ఉంది బాబాయ్, సాయంత్రమయ్యేసరికి నా చేతులు నా మాట వినవు" అన్నాడు, చొక్కా గుండీ తిప్పుకుంటూ.

పాపమనడానికి నాకు నోరు రాలేదు. ఒట్టి రోగమన్నా ఒప్పుకోను. రోగమే అయితే వాడికంత సిగ్గెందుకు? ధర్మరాజంతటివాడే పాచికల ముందు ఆగలేకపోయాడు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టానిదీ ఇదే చిక్కు. 27వ సెక్షన్ వాడినందుకు శిక్షిస్తుంది. 64ఏ మాత్రం తానుగా చికిత్సకొచ్చిన వ్యసనపరుణ్ణి విచారణ నుంచి తప్పిస్తుంది. తానుగా! ఆ 'తాను' చేజారిందనే కదా గొడవంతా.

మద్యం సంగతికొస్తే, మన నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్ 1995లో నిషేధం పెట్టారు, 1997లో తర్వాతి ప్రభుత్వం ఎత్తేసింది. సీసా దాస్తే కోరిక పోతుందా అని దివిసీమ చుట్టాలు నవ్వుతారు. నేనంత తేలిగ్గా కొట్టిపారెయ్యను. తూలేవాడికి ఎదురుగా కొట్టు లేకపోవడమూ దయే.

చివరికి డాక్టరు దగ్గరికి మా అన్నయ్య కొడుకే బయల్దేరాడు, నేను తోడెళ్లాను. అది వాడి ఇష్టమా, వాళ్లమ్మ ఏడుపా అంటే రెంటినీ విడదీసి చెప్పడం నా వల్ల కాదు.